బీడుపడిన పల్లపు మడి చిత్తడి నేలేనా? గుంట తవ్వి ఎలా తేల్చాలి?

పల్లంమడి, బరంపురం దక్షిణం, మే 11

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరు గంజాం జిల్లా దక్షిణపు కొసన, బహుదా నదికి అట్టే దూరం కాని చోట ఉంది. మా తాతగారి వాటాగా వచ్చిన ఒకటిన్నర ఎకరాల పల్లపు మడి పదకొండేళ్లుగా బీడుగా పడి ఉంది. ఎగువన ఎర్రమట్టి గరువు, దాని మీద జీడితోట ఉన్నాయి. దిగువన చెరువు అలుగు నుంచి వచ్చే కాలువ పారుతుంది. వానాకాలంలో ఈ మడిలో మోకాలి లోతు నీరు నిలుస్తుంది, ఫాల్గుణం నాటికి పశువులు మేస్తాయి, ఇప్పుడు వైశాఖంలో నెర్రెలు విచ్చి ఉంది. మా చిన్నాన్నగారి అబ్బాయి దీనిని మట్టి పోసి మెరక చేయించి ఇళ్ల స్థలాలుగా అమ్ముదామంటున్నాడు. ఆరు నెలలు ఎండిపోయే నేలను చిత్తడి నేల అని ఎలా అంటావని అతని వాదన. నాకు మాత్రం అనుమానంగానే ఉంది.

నిన్న పారతో మోకాలి లోతు గుంట తవ్వి చూశాను. పైన జానెడు మేర మట్టి బూడిద రంగులో ఉంది, అందులో కుంకుమ గీసినట్టు సన్నని ఎర్రని గీతలు నిలువుగా కనిపించాయి. చేతికి తగిలిన గుళ్ళు కొన్ని గట్టి గులకల్లా ఉన్నాయి. వీటిని చూసి ఇది చిత్తడి మట్టి అని చెప్పవచ్చునా? చెప్పలేకపోతే ఇంకా ఏమి చూడాలి? మట్టిశాస్త్రం నేను చదువుకున్నది కాదు కనుక కొంచెం వివరంగా చెప్పగలరు.

కొలతకర్ర, శిరోంచ, మే 11

పల్లంమడి గారు, రెండు ప్రశ్నలను కలపకండి. చట్టం దృష్టిలో చిత్తడి నేల ఏది అన్నది ఒకటి, మట్టి చిత్తడి స్వభావం కలదా అన్నది వేరొకటి. 2017 నాటి చిత్తడి నేలల సంరక్షణ, నిర్వహణ నిబంధనల నిర్వచనంలో బురద నేలలు, జలాశయాలు, సహజమైనవీ కృత్రిమమైనవీ, శాశ్వతమైనవీ తాత్కాలికమైనవీ అన్నీ ఉన్నాయి. అయితే నదీ ప్రవాహమార్గాలను, వరి పొలాలను, తాగునీటికీ చేపల పెంపకానికీ ఉప్పు తయారీకీ సేద్యానికీ ప్రత్యేకంగా కట్టిన వాటిని అదే నిర్వచనం మినహాయించింది. మట్టి రంగు ఊసు అందులో లేదు. మీ రికార్డులో ఆ సర్వే నంబరు వరి భూమిగా ఉంటే, మీరు ఎంత బూడిద మట్టి చూపించినా కార్యాలయంలో వినే మాట ఇదే. భూమి కొలిచే వాడిని కనుక ముందే చెప్పాను. మట్టి సంగతి తెలిసినవారు చెప్పాలి.

మట్టిమేష్టారు, పర్లాకిమిడి, మే 12

కొలతకర్ర గారి హెచ్చరిక సరైనదే. అయినా నేల మీద ఇల్లు కట్టే వారికి రికార్డు కంటే మట్టి ముందుగా సమాధానం చెబుతుంది కనుక మట్టి దగ్గరికే వద్దాం.

మన తూర్పు కనుమల ఖొండలైటు రాయి శిథిలమై ఏర్పడిన మట్టికి ఆ ఎరుపునిచ్చేది ఇనుప తుప్పే. ప్రతి ఇసుక రేణువుకూ, ప్రతి బంకరేణువుకూ రంగు పూసినట్టు ఆ తుప్పు పట్టి ఉంటుంది. మట్టిలోని సందులన్నీ నీటితో నిండి రోజుల తరబడి అలాగే ఉండిపోతే, కుళ్ళుతున్న వేరునూ ఆకునూ తిని బ్రతికే సూక్ష్మజీవులు ముందు అక్కడున్న ప్రాణవాయువును వాడుకుంటాయి. అది అయిపోతే నైట్రేటును, తరువాత మాంగనీసును, ఆ తరువాత ఇనుమును వాడుకుంటాయి. గాలి ఆడే మట్టిలో ఇనుము నీటిలో కరగదు. గాలి ఆడని మట్టిలో అదే ఇనుము కరిగి నీటితోపాటు కదిలిపోతుంది, పూత పోయిన రేణువు తన సొంత బూడిద రంగుతో మిగులుతుంది. కరిగిన ఇనుము ఏ వేరు పక్కనో, ఏ నెర్రె అంచునో గాలి తగిలిన చోట మళ్ళీ తుప్పుగా పేరుకుంటుంది. మీరు చూసిన కుంకుమ గీతలు అవే. రష్యా పల్లెల్లో ఇటువంటి బూడిద బురదకు వాడే గ్లేయ్ అనే మాటనే విసోత్స్కీ 1905లో శాస్త్రంలోకి తెచ్చారు. మన పుస్తకాలలోనూ అదే పేరు నిలిచింది.

ఇందులో నీరు ఒక్కటే కారణం కాదని గమనించండి. సూక్ష్మజీవులకు తిండి కావాలి, వెచ్చదనం కావాలి, నీరు కదలకుండా ఉండాలి. గలగల పారే గెడ్డ ఒడ్డున మట్టి ఏడాదంతా తడిసి ఉన్నా ఎర్రగానే ఉండవచ్చు, ఎందుకంటే పారే నీరు గాలిని మోసుకొస్తూ ఉంటుంది.

ఇక మీ చిన్నాన్నగారి అబ్బాయి వాదన. ఆరు నెలలు ఎండడం చిత్తడి స్వభావానికి అడ్డు కాదు. ఈ విద్యను పద్ధతిగా రాసిపెట్టిన అమెరికా వారి నిర్వచనం ప్రకారం, మొక్కలు పెరిగే కాలంలో మట్టి పైభాగం గాలి ఆడని స్థితికి చేరేటంత కాలం నీటితో నిండి ఉంటే చాలు. వారి దేశంలో మంచు కాలాన్ని తీసివేసి లెక్కించాలి. మనకు నేల ఎన్నడూ అంత చల్లబడదు కనుక ఏడాదంతా పెరిగే కాలమే.

గుంట విషయంలో మీరు తొందరపడ్డారని నాకు అనిపిస్తోంది. మోకాలి లోతు చాలు, కానీ గుంట గోడను పారతో నునుపుగా చెక్కితే అసలు రంగు పారకు అంటిన బురద కింద కనుమరుగవుతుంది. ఒక పక్క నుంచి పారను నిలువుగా దింపి, అడుగున్నర పొడవు మట్టి పలకను విరగకుండా పైకి తీసి గోనె మీద పడుకోబెట్టండి. పక్కన టేపు పరచండి. తరువాత మట్టిని కోయకుండా చేత్తో విరవండి. విరిగిన ముఖం మీద కొద్దిగా నీరు చిలకరించి, ఇక రంగు మారదు అనేంత వరకు తడిపి, ఎండ మీ వీపు వెనుక ఉండేలా నిలబడి చూడండి. చలువ కళ్ళద్దాలు తీసేయండి. పొడి మట్టి రంగు, నీడలో చూసిన రంగు, ఫోనులో తీసిన ఫోటో రంగు, ఈ మూడింటినీ నేను నమ్మను.

మట్టి రంగును పక్కన పెట్టి పోల్చుకునే మన్సెల్ రంగుల పుస్తకం దొరికితే మంచిది. అందులో ప్రతి రంగుకూ వన్నె (ఎరుపా, పసుపా), వెలుగు (ఎంత లేత), గాఢత (రంగు ఎంత చిక్కన) అనే మూడు కొలతలు ఉంటాయి. వెలుగు 4 లేదా అంతకంటే ఎక్కువ, గాఢత 2 లేదా అంతకంటే తక్కువ ఉన్న మట్టి, పొరలో 60 శాతానికి తగ్గకుండా ఉండి, అందులో తుప్పు మచ్చలు స్పష్టంగా ఉంటే ఇనుము కోల్పోయిన పొర అంటారు. ఆ పొర పై 15 సెంటీమీటర్లలోపు పూర్తిగా ఇమిడి 5 సెంటీమీటర్ల మందం ఉన్నా, లేదా పై 25 సెంటీమీటర్లలోపు మొదలై 15 సెంటీమీటర్ల మందం ఉన్నా చిత్తడి మట్టికి మంచి ఆనవాలు. పుస్తకం చాలా ఖరీదు. దొరకకపోతే మీ జీడితోటలో, అంటే గరువు మీద, ఇంకొక గుంట తవ్వి రెండు పలకలను పక్కపక్కన పెట్టి చూడండి. నేను పిల్లలకు ముప్ఫై ఏళ్లు అలాగే నేర్పాను.

రేగడిసాగు, ధర్మాబాద్, మే 13

మేష్టారు చెప్పినది ఎర్రమట్టికి బాగానే సరిపోతుంది. మా నాందేడ్ వైపు నల్లరేగడిలో ఇదే పద్ధతిని గుడ్డిగా వాడితే జిల్లా అంతా చిత్తడి నేలే అవుతుంది. దక్కను బసాల్టు రాతి నుంచి ఏర్పడిన మా మట్టి తడిసినా ఎండినా నల్లగానే ఉంటుంది, గాఢత సాధారణంగా 2 దాటదు. ఆ నలుపు చూసి సేంద్రియం ఎక్కువని పొరబడేవారు ఉన్నారు. చాలా పొలాల్లో సేంద్రియ కర్బనం ఒక శాతం కూడా ఉండదు. కనుక నల్లమట్టిలో నేపథ్యపు రంగు ఏమీ చెప్పదు. దాని మీద తుప్పు ఉందా లేదా అన్నదే చూడాలి.

ఇంకొక చిక్కు ఉంది. తొలి వానలకు నీరు నెర్రెల గుండా నేరుగా అడుగుకు దిగిపోతుంది. నెర్రెలు ఉబ్బి మూసుకున్నాక నీరు పైననే నిలుస్తుంది, అప్పుడు పై జానెడు బురదగా ఉంటుంది, కింద మూడడుగుల లోతున మట్టి అంత తడిగా ఉండదు. అందుచేత పల్లపు గుంటలలో మేము పై పది సెంటీమీటర్లలోనే జాగ్రత్తగా వెతుకుతాము. బ్రతికి ఉన్న గడ్డి వేరు చుట్టూ నారింజ రంగు గొట్టంలా తుప్పు పట్టి ఉంటే, ఆ వేరు బ్రతికి ఉన్న కాలంలోనే మట్టికి గాలి ఆడలేదని అర్థం. నల్లని మెరిసే చుక్కలు కనిపిస్తే వాటి మీద మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు ఒక చుక్క వేయండి, మాంగనీసు అయితే వెంటనే బుసబుస పొంగుతుంది. సేంద్రియ పదార్థం ఎక్కువున్న మట్టీ కొంత పొంగుతుంది కనుక ఆ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకండి. మీ మడిలో ఇప్పుడు నెర్రెలు ఉన్నాయన్నారు, బంక ఎక్కువేనన్నమాట.

పల్లంమడి, బరంపురం దక్షిణం, మే 19

మేష్టారు చెప్పినట్టు చేశాను. జీడితోటలో ఒకటి, మడికి ఎగువగా నలభై అడుగుల దూరంలో వాలు మధ్యలో ఒకటి, మడిలో ఒకటి, మొత్తం మూడు గుంటలు తవ్వాను. మూడు పలకలను గోనె మీద వరుసగా పెట్టినప్పుడు చూసిన మా పాలేరు కూడా నవ్వాడు, అంత తేడాగా ఉన్నాయి. పై గుంట ఇటుక ఎరుపు. మధ్య గుంట పసుపు కలిసిన గోధుమ రంగు. మడిలోది తడిపితే బూడిద, అందులో తుప్పు గీతలు. గీతలు ఎక్కువగా వేరు రంధ్రాల వెంటే ఉన్నాయి. 22 సెంటీమీటర్ల దగ్గర పారకు గట్టిగా తగిలే పొర ఒకటి వచ్చింది. దాని కింద బూడిద రంగు తగ్గి గోధుమ రంగు కలిసింది, అయితే పూర్తిగా పోలేదు.

గట్టి గులకల గురించి ఎవరూ చెప్పలేదు. అవి ముదురు ఎరుపు, చింతగింజంత ఉన్నాయి, గోటితో నొక్కితే నలగవు. అవి కూడా తుప్పే కదా, వాటిని లెక్కలోకి తీసుకోవచ్చునా?

మట్టిమేష్టారు, పర్లాకిమిడి, మే 19

తీసుకోకూడదు. గట్టిపడిన గుళ్ళు ఎప్పటివో, ఎక్కడివో చెప్పలేము. మన వైపు జేగురు రాతి గరువుల నుంచి వానకు కొట్టుకొచ్చి పల్లంలో చేరుతూ ఉంటాయి. వాటి అంచు కత్తితో గీసినట్టు ఉంటుంది. ఇప్పుడు జరుగుతున్న మార్పు వల్ల ఏర్పడిన మచ్చ మెత్తగా ఉంటుంది, వేలితో రుద్దితే పసుపులా సాగుతుంది, అంచు చుట్టుపక్కల మట్టిలోకి మెల్లగా కలిసిపోతుంది. మీ వేరు గీతలు ఈ రెండవ రకం కావచ్చు.

మధ్య గుంట పసుపు గురించి ఒక మాట. ఎరుపునిచ్చేది హెమటైటు, పసుపునిచ్చేది గోథైటు, రెండూ ఇనుప ఖనిజాలే. వాలు దిగుతున్న కొద్దీ తడి ఎక్కువై ఎరుపు పసుపుగా, పసుపు బూడిదగా మారడం మన కొండ దిగువలలో ఎక్కడైనా కనిపిస్తుంది. పసుపు వచ్చిందని చిత్తడి అనకండి.

నన్ను ఆలోచనలో పడేసినది మీ 22 సెంటీమీటర్ల గట్టి పొర. దాని గురించి తీరికగా రాస్తాను.

ఝోలారైతు, జయపురం, మే 20

మా కొరాపుట్ వైపు భూములను డొంగర్, బెడా, ఝోలా అని మూడుగా చెబుతారు. డొంగర్ కొండవాలు, బెడా మధ్య భూమి, ఝోలా అంటే కొండల నడుమ ఊటవాగు పరుపును మెట్లు మెట్లుగా కట్టి మడులు చేసిన భూమి. మా ఇంటికి మూడు తరాలుగా ఝోలా మడులు ఉన్నాయి. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ గుర్తింపు ఇచ్చినప్పుడు బయటివారు చాలామంది వచ్చి చూశారు. ఝోలా మట్టిని తవ్వి చూసిన వారు మాత్రం తక్కువ.

ఊట ఉన్న మడిలో ఎండాకాలం కూడా కాలు దిగబడుతుంది. గట్టు వారన ఊట చెమర్చే చోట నీటి మీద నూనె పోసినట్టు రంగురంగుల తెట్టు కడుతుంది, కింద నారింజ రంగు బురద మేట వేస్తుంది. కొత్తవారు ట్రాక్టరు డీజిలు పడిందేమో అంటారు. ఒక పుల్లతో కదిపి చూడండి. డీజిలు తెట్టు అయితే పుల్ల తీయగానే మళ్ళీ కలుసుకుంటుంది. ఇనుప తెట్టు అద్దం పగిలినట్టు పెంకులుగా విడిపోతుంది, మళ్ళీ కలవదు. అది కరిగిన ఇనుము బయటి గాలికి వచ్చి సూక్ష్మజీవుల వల్ల తుప్పుగా మారుతున్న చోటు. అటువంటి మడిలో వరి ఆకుల మీద చిన్న చిన్న గోధుమ చుక్కలు వచ్చి, ఆకు కంచు రంగుకు తిరుగుతుంది. తెగులు మందు కొడితే తగ్గదు, ఇనుము ఎక్కువై వచ్చినది కనుక నీరు తీసి ఆరగట్టాలి.

పల్లంమడి గారు, మీ మడిలో ఒకప్పుడు వరి వేసేవారా? వేస్తే ఆకు అలా కంచు తిరిగిన గుర్తు పెద్దలకు ఉంటుంది, అడిగి చూడండి.

పల్లంమడి, బరంపురం దక్షిణం, మే 21

మా అమ్మగారిని అడిగాను. 'కాలువ పక్క మూల ఎప్పుడూ ఎర్రబడేది, మీ తాతయ్య ఆ మూలను లెక్కలోంచి తీసేసేవాడు' అన్నారు. మిగిలిన మడిలో అలా లేదట. వరి వేయడం ఆపినది కూలీలు దొరకక, నీరు లేక కాదు.

మట్టిమేష్టారు, పర్లాకిమిడి, మే 24

ఇప్పుడు గట్టి పొర సంగతి. మే 12న నేను చెప్పిన దానిలో ఒక లోపం ఉంది, అది నేనే దిద్దుకోవాలి. ఇనుము కోల్పోయిన పొర కనిపిస్తే మంచి ఆనవాలు అన్నాను. వరి పండించిన మడిలో ఆ మాటను యథాతథంగా వాడకూడదు.

తరతరాలుగా దమ్ము చేసిన మడిలో నాగలి, పశువుల గిట్టలు కలిసి జానెడు లోతున ఒక గట్టి పొరను తయారు చేస్తాయి. నీరు దాని మీద నిలుస్తుంది. రైతు కట్టిన గట్టు, రైతు పెట్టిన నీరు, రైతు దున్నిన బురద, ఇవి కలిసి పై మట్టిని బూడిద చేస్తాయి. కింద గోధుమ రంగు అలాగే ఉంటుంది. ప్రపంచ మట్టి వర్గీకరణలో ఇటువంటి వాటిని మనిషి చేసిన మట్టిగా వేరే పేరుతో పెట్టారు. మీ మడి పై 22 సెంటీమీటర్ల బూడిద ఈ బాపతు అయి ఉండవచ్చు, మీ తాతగారి దమ్ము జ్ఞాపకం అయి ఉండవచ్చు.

అలాగని పై నుంచి నిలిచే నీరంతా మనిషి పని కాదు. సహజంగానే బంక పొర అడ్డుపడి పై నీరు నిలిచే పల్లాలు ఉన్నాయి. వాటిలోనూ బూడిద పైన, గోధుమ కింద ఉంటుంది. భూగర్భ జలం కింది నుంచి ఎక్కే చోట దీనికి తలకిందులు, లోతుకు పోయిన కొద్దీ బూడిద చిక్కబడుతుంది. రంగుల వరుస చూసి నీరు ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పగలము; ఎవరు నిలిపారో రంగు చెప్పదు. దానికి రెండు పనులు చేయాలి. కాలువ పక్క మూలలో, మీ అమ్మగారు చెప్పిన చోట, మరొక గుంట తవ్వండి. అక్కడ గట్టి పొర కిందా బూడిద కొనసాగితే ఊట సహజమైనది. ఇక రెండవది, వాన పడ్డాక మళ్ళీ చూడండి. పదకొండేళ్లుగా ఎవరూ దమ్ము చేయని మడిలో ఈ ఏడాది వేళ్ళ చుట్టూ కొత్త తుప్పు పుడుతోందా లేదా అన్నదే అసలు పరీక్ష. బూడిద రంగు తడి పోయాక కూడా దశాబ్దాలు నిలవగలదు, వేరు చుట్టూ మెత్తటి తుప్పు అలా పాతది కాలేదు.

ఉప్పుగాలి, ఛత్రపురం, మే 26

మా వైపు ఇసుక, ఉప్పు గురించి చెబితే ఇక్కడి వారికి కొంత పనికివస్తుంది. తంపరా సరస్సుకు 2021లో రామ్సార్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు, వచ్చాక మా చుట్టుపక్కల ప్రతి ఇసుక పల్లాన్నీ చిత్తడి నేలే అనడం మొదలైంది. ఇసుకలో అసలు ఇనుమే తక్కువ కనుక అది ఎప్పుడూ తెల్లగా, బూడిదగా ఉంటుంది. సముద్రపు దిబ్బ మీది ఇసుక గాఢత చూస్తే అదీ చిత్తడే అనిపిస్తుంది. ఇసుకలో తుప్పు మచ్చలు ఉన్నాయా, పై పొరలో కుళ్ళిన ఆకు నలుపు చారలుగా కిందికి దిగిందా అని చూడాలి.

ఉప్పు నీరు తగిలే చోట ముక్కే మొదటి సాధనం. హుమ్మా ఉప్పు మడుల వైపు బురదలో పార దింపగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. ఇనుము తరువాత సూక్ష్మజీవులు సల్ఫేటు జోలికి పోయాయని దాని అర్థం. ఆ వాసన పై 30 సెంటీమీటర్లలోపు వస్తే మరొక ఆనవాలు అవసరం లేదు. గుంట తెరిచిన క్షణంలోనే వాసన చూడండి, కొద్దిసేపటికి పోతుంది. కాటుక నలుపుగా ఉన్న బురద గాలికి పెట్టిన కొన్ని నిమిషాల్లో బూడిదగా మారితే అదీ గంధకం పనే. ఇటువంటి మట్టిని తవ్వి ఆరబెట్టి మెరకకు వాడకండి. అందులోని పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి తగిలి ఆమ్లంగా మారుతుంది, లేత పసుపు మచ్చలు వస్తాయి, పీహెచ్ 4 కంటే కిందికి పోతుంది. కేరళ కుట్టనాడులో ఆ బాధ తరతరాలది.

ఇంకొకటి, మొగలి పొదలను చూసి చిత్తడి నేల అని నిర్ణయించకండి. మన గంజాంలో మొగలి లేని గట్టు ఏది? పొడి గట్టు మీదా పెరుగుతుంది. తుంగ, జమ్ము కొంత మెరుగైన సాక్షులు.

పల్లంమడి, బరంపురం దక్షిణం, జులై 27

వానలు పడి నాలుగు వారాలు దాటింది. కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే స్నేహితుడి దగ్గర ఆల్ఫా-ఆల్ఫా డైపిరిడిల్ ద్రావణం కొద్దిగా సంపాదించాను. కరిగిన ఇనుము ఉంటే గులాబీ రంగు వస్తుందని విన్నాను. మడిలో మూడు చోట్లా వేశాను, మూడు చోట్లా గులాబీ వచ్చింది. తరువాత సరదాకు జీడితోట గుంటలో వేస్తే అక్కడా వచ్చింది! ఎర్రటి గరువు మట్టి ఎలా చిత్తడి అవుతుంది?

గాజుగొట్టం, రాయగడ, జులై 28

మీ చిత్తడి మట్టి మీ పార అంచున ఉంది. ఇనుప పార గీసిన ముఖం మీద ద్రావణం వేస్తే పార ఇనుముకే రంగు వస్తుంది. మట్టిగడ్డను చేత్తో విరిచి, పార తగలని లోపలి ముఖం మీద, విరిచిన వెంటనే వేయాలి. గుంటలో ఎండ తగలకుండా మీ నీడ పడేలా నిలబడండి, గట్టి వెలుతురు తగిలినా ఇనుము లేకుండానే రంగు రావచ్చు. చేతికి తొడుగు వేసుకోండి, ఆ మందు ఒంటికి మంచిది కాదు.

రంగు రాకపోతే చిత్తడి కాదనీ అనుకోవద్దు. ఆ రోజు మట్టిలో గాలి ఆడుతూ ఉండవచ్చు, లేదా మట్టిలో ఇనుమే తక్కువ కావచ్చు. వచ్చినా అది ఆ ఒక్క రోజు సాక్ష్యమే.

ఎక్కువ రోజుల సాక్ష్యం కావాలంటే రెండు చవక పనులు ఉన్నాయి. తుప్పు లేకుండా గరుకు కాగితంతో రుద్దిన మెత్తటి ఉక్కు చువ్వలను మడిలో నిలువుగా దింపి నెల తరువాత పీకండి. గాలి ఆడే లోతు వరకు నారింజ తుప్పు పడుతుంది, ఆడని చోట నల్లగానో మెరుస్తూనో ఉంటుంది. తుప్పు ఆగిన లోతును టేపుతో కొలవండి. రెండవది, చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టం పాతి రోజూ నీటిమట్టం రాయండి. అమెరికా వారి కొలత ప్రకారం నీరు నేల మీదనో, 12 అంగుళాల లోపునో వరుసగా 14 రోజులు ఉండాలి, పదేళ్లలో కనీసం ఐదేళ్లు అలా జరగాలి. మీకు ఒక ఏడాదే ఉంది కనుక వాన లెక్కనూ పక్కన పెట్టి చూడండి.

కొలతకర్ర, శిరోంచ, జులై 28

పార ఇనుము సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను, క్షమించండి. గొట్టం పాతేటప్పుడు దాని నోరు నేలకు ఎంత ఎత్తున ఉందో మొదటే రాసుకోండి. తరువాత లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

పల్లంమడి, బరంపురం దక్షిణం, సెప్టెంబర్ 14

అందరి సూచనలనూ పాటించాను. కాలువ మూలలో గుంట తవ్వితే గట్టి పొర కిందా బూడిద రంగు ఆగలేదు, 50 సెంటీమీటర్ల దగ్గర కొంచెం నీలం కూడా కలిసింది. చేత్తో విరిచిన గడ్డ మీద 12 సెంటీమీటర్ల నుంచి గులాబీ వచ్చింది. జీడితోటలో ఈసారి రాలేదు. కాలువ మూలలో ఉక్కు చువ్వ మీద తుప్పు 9 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. గొట్టంలో నీరు ఆగస్టు 3 నుంచి ఈ రోజు వరకు నేల మీదనో, నాలుగు అంగుళాల లోపునో ఉంది. గట్టు దగ్గర నీటి మీద ఝోలారైతు గారు చెప్పిన తెట్టు కూడా దొరికింది, పుల్ల పెడితే పెంకులుగా పగిలింది.

మడి ఎగువ భాగంలో సంగతి వేరు. అక్కడ బూడిద 22 సెంటీమీటర్ల దగ్గర నిజంగానే ఆగిపోతోంది. ఈ ఏటి గడ్డి వేళ్ళ చుట్టూ తుప్పు లేదు, పాత గీతలు మాత్రమే ఉన్నాయి. చువ్వ అడుగు లోతు వరకు తుప్పు పట్టింది. వాన పడ్డ మూడు నాలుగు రోజులకే గొట్టంలో నీరు అడుగు కిందికి జారిపోతోంది. మేష్టారు అన్నట్టు అది మా తాతయ్య దమ్ము రంగే కావచ్చు.

రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో తేల్చడానికి నిన్న కాలువ నుంచి ఎగువకు ఐదడుగులకు ఒక చిన్న గుంట చొప్పున పదమూడు తవ్వాము. మా చిన్నాన్నగారి అబ్బాయి కూడా పార పట్టాడు. తొమ్మిదో గుంట వరకు వేళ్ళ చుట్టూ మెత్తటి తుప్పు ఉంది, పదో గుంటలో లేదు. నేల చూపుకు ఆ రెండింటి మధ్య బెత్తెడు ఎత్తు తేడా కూడా లేదు. అతను తొమ్మిదో గుంట దగ్గర గునపం దింపి, దానికి తన తువ్వాలు కట్టి, అక్కడి నుంచి ఎగువకే బండి మట్టి తోలిస్తానన్నాడు. మెరక చేసిన మట్టి బరువుకు ఎగువ నీరు పక్కకు తిరిగి కాలువ మూలను ఎండగడుతుందా, లేక ఇంకా తడిపేస్తుందా అన్నది ఇప్పుడు మా ఇద్దరి మధ్య తేలని ప్రశ్న.

మట్టిమేష్టారు, పర్లాకిమిడి, సెప్టెంబర్ 15

బరువు సంగతి తరువాత, ముందు ఎగువ నీటికి దారి చూడండి. మట్టి తోలే ముందు తొమ్మిదో గుంట దగ్గర ఒక గొట్టం, పదకొండో గుంట దగ్గర మరొకటి పాతి, ఈ ఏడు కార్తీకం దాకా నీటిమట్టం రాయండి. మెరక కట్ట మడికి అడ్డంగా వస్తే గరువు నుంచి దిగే ఊట దాని వెనుక ఆగుతుంది, అప్పుడు పదో గుంటా బూడిదకు తిరగవచ్చు. వాలు వెంట రెండు చోట్ల గులకరాళ్ళు నింపిన కాలువలు వదిలితే కొంత నయం. తోలే మట్టి ఎక్కడిదో కూడా చెప్పండి, గరువు మట్టి అయితే ఫరవాలేదు, నదీముఖం వైపు బురద అయితే ఉప్పుగాలి గారు మే 26న రాసినది మీ తమ్ముడి చేత ఒకసారి చదివించండి.

పల్లంమడి, బరంపురం దక్షిణం, సెప్టెంబర్ 15

చదివించాను మేష్టారూ. బండివాడు తెస్తానన్నది బహుదా ముఖం వైపు మట్టేనట. నమూనా ఒక డబ్బాలో తెప్పించాము. మూత తీయగానే మా అమ్మగారు ముక్కు మూసుకున్నారు. బేరం వద్దని తమ్ముడే ఫోను చేసి చెప్పాడు. గొట్టాలు రెండూ ఆదివారం పాతుతాము, నోటి ఎత్తు ముందే రాసుకుంటాము.